మా ఆయన అంటించిన టేపు

కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసిన రోజుల్లో, జడ వేయించుకోవడానికి కూడా పక్కింటావిణ్ణి పిలవాల్సి వచ్చేది. హైటెక్ సిటీలోని మా ఆఫీసులో మౌస్ పట్టుకుంటే మోచేతి దాకా ఒకటే సలుపు. చివరికి హఫీజ్‌పేటలో మా ఇంటి దగ్గరే ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళ్ళాం. 'వెళ్ళాం' అని ఎందుకంటున్నానంటే, మా ఆయన నన్ను డాక్టర్ల దగ్గరికి ఒంటరిగా పంపడు.

"లేడీ డాక్టర్ లేరా అండి?" అన్నాడు కూర్చోకముందే. ఆవిడ కాన్పుకి సెలవు పెట్టిందట. ఉన్నది ముప్పై ఏళ్ళ ఫిజియో ఒక్కడే.

"భుజం జర వదులుగా పెట్టక్కా," అంటూ అతను కండరాలకు ఆసరా ఇచ్చే, సాగే నీలం టేపు కత్తిరించి అంటిస్తుంటే, మా ఆయన ఫోన్‌లో వీడియో తీశాడు. టేపుతో నొప్పి కాస్త తగ్గుతుందంతే, రోజూ వచ్చి కసరత్తు చేయకపోతే భుజం పూర్తిగా బిగిసిపోతుందని ఫిజియో ఇద్దరికీ చెప్పాడు.

బయటికి రాగానే మా ఆయన తేల్చేశాడు. "టేపేగా? మందుల షాపులో దొరుకుతుంది. ఇక నేనే అంటిస్తా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా ఆదివారం హాల్లో కూర్చోబెట్టి, వీడియో ఆపి ఆపి చూస్తూ, టేపును బలమంతా పెట్టి సాగదీసి అంటించాడు.

"కొసలు లాగొద్దని వీడియోలో ఫిజియో అన్నాడు కదా!"

"నాకు నేర్పకు."

తెల్లారేసరికి కొసల దగ్గర నీటిపొక్కులు. "నీ చర్మమే అంత," అన్నాడు మహానుభావుడు.

పొక్కులు మానాక, ఆఫీసు నుంచి మధ్యాహ్నమే బయల్దేరి ఒక్కదాన్నే క్లినిక్‌కి వెళ్ళాను. ఫిజియో చెయ్యి పట్టుకుని కసరత్తు చేయించి, టేపు అంటించాడు. చెయ్యి చెవి దాకా లేచింది. సంతోషంతో ఏడుపొచ్చింది.

సాయంత్రం మా ఆయన కంటబడింది టేపు. "ఎవరంటించారు?"

"ఇంకెవరు? అతనే."

దగ్గరికొచ్చి, కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. టేపుతో పాటు చర్మం ఊడొచ్చింది. "ఇప్పుడెళ్ళు, చూస్తా," అన్నాడు.

మర్నాడే వెళ్ళాను. బెంచీ మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. పచ్చిపుండైన భుజం చూసి ఫిజియో గతుక్కుమన్నాడు.

"ఏందక్కా గిది? టేపు పడలేదా?"

అవుననేస్తే సరిపోయేది. ఇంటి పరువు నిలబడేది. ఆ ఇంట్లో నా పరువు సంగతి ఎవడికి పట్టింది?

"పడకేం! మా ఆయన పీకేశాడు," అన్నాను, బెంచీ మీదవాళ్ళందరికీ వినబడేలా.

"పుండు మానేదాంక టేపు పెట్టరాదక్కా," అన్నాడతను గొంతు తగ్గించి.

"టేపు పోతే పోయింది. కసరత్తు చేయించండి," అని చెయ్యి అతని చేతికిచ్చాను.