యాదగిరి చెల్క

ఐర్లండ్‌లో, డ్రోహెడా నుంచి డబ్లిన్‌కు పోయే పొద్దుటి రైల్లో, కిటికీకి తల ఆనించి కునికే మనుషుల్లో యాదగిరి ఒకడు. ఆఫీసులో అతని పని మట్టి లెక్కలే. ఎక్కడో అమెరికాలో, ఎండు పొదలు తప్ప పెరగని బీళ్లలో పాతిన సెన్సర్లు తడి ఎంతుందో చెబుతాయి. అది ఎన్నాళ్లకు ఆరుతుందో కంప్యూటర్‌కు ఇతను నేర్పుతాడు. అక్కడిది ఇసుకపాలు ఎక్కువున్న గరప నేల, పడ్డ వాన పడ్డట్టే కిందికి దిగిపోతుంది. నల్గొండ దగ్గర వాళ్ల చెల్క కూడా అచ్చం అట్లాంటిదే. అందుకే స్క్రీన్ మీద తడి గీత పడిపోతుంటే, మట్టి నలుపుతున్నట్టు అతని బొటనవేలు చూపుడువేలిని రాస్తూనే ఉంటుంది.

డ్రోహెడాలో అతనుండే అద్దింటి పెరడు మాత్రం ఒట్టి జిగట బంకమన్ను. వేసిన పల్లీలు వేసినచోటే కుళ్లాయి. ఇసుక కలిపితే చెల్క అవుతుందని, ఈ వసంతంలో బస్తాలు మోసి, నడుం పట్టేసేదాకా తవ్వి కలిపాడు. ఆ తర్వాత ఎన్నడూ లేనట్టు ఎండలు కాశాయి. మడి సిమెంటులా బిగుసుకుపోయింది. పార దిగక, గొంతుక్కూర్చుని గోటితో గీకి చూస్తున్నాడు. కూతురు ఆశ్రిత బూట్లతోనే దాని మీద టకటకా నడిచొచ్చింది.

"ద పాత్ ఈజ్ గ్రాండ్, డాడీ!"

యాదగిరి గోళ్లు దులుపుకుని లేచాడు.

"అవు బిడ్డా, బాటనే," అన్నాడు.

మర్నాడు చెత్తడబ్బాను ఆ బాట మీంచే లాక్కుపోయి గేటు ముందు పెట్టాడు. రైల్లో కూర్చున్నాక చూసుకున్నాడు. బూట్లకు చిటికెడు మట్టి కూడా అంటలేదు.