మట్టి పూడిన విజిల్

దయ్యాల కథలు చెప్పుకునే పిల్లల్ని మా సండే స్కూల్లో ఆపేది నేనే. చనిపోయినవాళ్లు దేవుని చేతిలో ఉంటారని, మన మధ్య తిరగరని లేఖనం తెరిచి చూపించి మరీ చెప్పేవాణ్ని. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అందుకే ఇది కాగితం మీద పెట్టడానికి నాకు ఏడాది పట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. దానికి పేరు మాత్రం పెట్టలేను.

నేను నూజివీడులో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. మా సంఘంలో యవ్వనస్తుల కూడికలు చూసుకునేది కూడా నేనే.

రెడ్డిగూడెం దగ్గర సత్యనారాయణ గారని ఒక రైతు ఉన్నారు. ఆయన మామిడి తోటని ఆనుకుని సాగునీటి చెరువు ఉంది. వానలు బాగా పడిన ఏడు మధ్యలో రెండు నిలువుల లోతు ఉంటుంది. ఆయన మా సంఘం మనిషి కాదు. అయినా మా సంఘానివి ఐదు కయాక్‌లు ఆయన కాయల షెడ్డులోనే ఉంటాయి. కయాక్ అంటే ఒక్కరే కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే ప్లాస్టిక్ పడవ. మూసేసిన ఒక రిసార్టు వాళ్ల దగ్గర పాతవి తెచ్చాం. తెప్పించింది దానియేలు గారు. సత్యనారాయణ గారు షెడ్డు ఇచ్చింది కూడా ఆయన మొహం చూసే.

దానియేలు గారు కృష్ణలో పడవ నడిపి బతికిన మనిషి. పెద్దతనంలో నూజివీడు వచ్చి కూతురి దగ్గర ఉండేవారు. పిల్లలకి నీళ్లంటే భయం పోవాలి గానీ గౌరవం పోకూడదనేవారు. ఆయన ఉండగా ఒక్క పడవా పరీక్ష లేకుండా నీళ్లలోకి దిగలేదు. అడుగున నీరు తీసే బిరడా గట్టిగా ఉందా, ఎక్కడైనా పగులు ఉందా, ముందు కట్టిన తాడు చివికిందా, తెడ్డు రెక్క ఊగుతోందా, అన్నీ చేత్తో తడిమి చూసేవారు. కళ్లతో చూసింది లెక్కలోకి రాదనేవారు.

లైఫ్ జాకెట్ల విషయంలో ఇంకా మొండి. బకిల్ పడిందా, కుట్లు బాగున్నాయా అని చూసి ఊరుకునేవారు కాదు. అందరూ జాకెట్లు తొడుక్కుని గుండెల్లోతు నీళ్లలో నిలబడాలి. ఆయన విజిల్ ఊదుతారు. రెండు పొడుగు, ఒకటి పొట్టి. వినగానే రెండు కాళ్లూ పైకి తీసేయాలి. గడ్డం నీటి పైన ఉంటే ఆ జాకెట్టు పాసు. ముందు పన్ను లేకపోవడం వల్ల ఆయన మూడో ఊదు ఎప్పుడూ చివర్లో తుస్సుమనేది. పిల్లలు పడీ పడీ నవ్వేవారు.

"నమ్మకం దేవుడి మీద పెట్టవయ్యా మాస్టారూ. జాకెట్టుని మాత్రం నమ్మకు, పరీక్ష చెయ్యి" అనేవారు నాతో.

మామిడి పూత మీద ఉండగా ఆయన నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన జాకెట్టు షెడ్డులో మేకుకి అలాగే ఉండిపోయింది, భుజం దగ్గర ఆయన విజిల్‌తో సహా. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని సత్యనారాయణ గారు పనివాళ్లకి గట్టిగా చెప్పారట.

ఆ సంవత్సరం దసరా సెలవుల్లో మళ్లీ కూడిక పెట్టాం. పరీక్షల బాధ్యత నా మీద పడింది. ముందు రోజు సాయంత్రం వెళ్లి ఐదు పడవలూ దానియేలు గారు చూపించినట్టే తడిమి చూశాను. అంత వరకూ తప్పు చెయ్యలేదు. జాకెట్లు సబ్బుతో ఉతికి, తీగ మీద వరసగా ఆరేసి ఉన్నాయి. నారింజ రంగు మెరిసిపోతోంది. బకిల్స్ పెట్టి లాగాను, పట్టీలు గుంజాను, కుట్లు చూశాను. అన్నీ బాగున్నాయి.

విజిళ్లు మాత్రం ఒక్క జాకెట్టుకీ లేవు. అడిగితే, కోతుల్ని తోలడానికి కాయల సీజన్లో కాపలావాళ్లు కోసుకుపోయారని తెలిసింది. కోతలయ్యాక వాళ్లు ఊళ్లు వెళ్లిపోయారు, విజిళ్లూ వాళ్లతోనే వెళ్లాయి. పోనీలే, నా గొంతు ఉందిగా అనుకున్నాను.

నీళ్లలో కాళ్లు ఎత్తే పరీక్ష పొద్దున్నే అందరితో చేయిద్దామనుకున్నాను.

పొద్దున్న పాస్టరు గారు, పాస్టరమ్మ గారు బాపులపాడులో ఒక ఇంట్లో ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. తొమ్మిది మంది పిల్లలు జాకెట్లు తొడుక్కుని ఎండలో నిలబడి ఉన్నారు. వాళ్లలో మా అమ్మాయి ప్రశాంతి ఒకతి. అప్పుడు పదో తరగతి. దానికి ఈత అంతంత మాత్రం. చెరువు మధ్య వరకూ వెళ్లి హద్దు తెలిసేలా ఒక డబ్బా తేల్చి రమ్మని, మొదటి పడవ దానికే ఇచ్చాను. మాస్టారి కూతురు ముందు వెళ్తే మిగతావాళ్లకి ధైర్యం వస్తుందని.

పాస్టరు గారు చాలాసేపు ప్రార్థన చేశారు. ఈ పడవల్ని, ఈ బిడ్డల్ని నీ రెక్కల కింద దాచుకో తండ్రీ అన్నారు. అందరం గట్టిగా ఆమెన్ చెప్పాం. నా గొంతే అందరికన్నా పైకి వినిపించింది.

సరిగ్గా అక్కడే నేను తప్పు చేశాను. ఇప్పుడే కదా పిల్లల్ని దేవుని చేతికి అప్పగించాం, వెంటనే నీళ్లలో దింపి జాకెట్లు తేలుతున్నాయో లేదో చూస్తే ఏం బాగుంటుంది, అవిశ్వాసంలా కనబడదూ అనిపించింది. పాస్టరు గారి ముందు మరీ సిగ్గేసింది.

సన్నీ అని ఒక అల్లరివాడు ఉన్నాడు. "సార్, దానియేలు తాత ఉంటే ఈపాటికి మమ్మల్ని నాలుగు మునకలు వేయించేవారు" అన్నాడు.

"ప్రార్థన అయిందిగా. ఇంకా మునకలేంటి? పదండి" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

షెడ్డులోంచి తియ్యాల్సినవన్నీ తీసేశాం కాబట్టి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. పిల్లలు పడవల్ని నీళ్లలోకి తోసుకుంటూ దిగారు. ప్రశాంతి అందరికన్నా ముందుంది. గుండెల్లోతులో నిలబడి, ఎక్కడానికి పడవ అంచు పట్టుకుంది.

అప్పుడు విజిల్ వినపడింది.

రెండు పొడుగు, ఒకటి పొట్టి. మూడోది చివర్లో తుస్సుమంది.

భయమేమీ వెయ్యలేదు. అది మాత్రం కచ్చితంగా చెప్పగలను. అలవాటైన చప్పుడు అది. పిల్లలు ఆలోచించను కూడా లేదు. లోతులో ఉన్నవాళ్లందరూ పడవలు వదిలేసి, కాళ్లు పైకి తీసేశారు.

ప్రశాంతి మునిగిపోయింది. నారింజ జాకెట్టు దాన్ని పైకి లేపలేదు, దాంతో పాటే కిందికి వెళ్లింది. నీటి మీద దాని జుట్టు ఒక్కటే పరుచుకుని కనపడింది. నేను చెప్పులతోనే పరిగెత్తాను. నేను చేరేలోపే కాళ్లు కింద ఆనించి లేచి నిలబడింది. రెండు సార్లు దగ్గింది.

"నాన్నా, ఇది తేలట్లేదు" అంది. పెన్ను రాయట్లేదని చెప్పినట్టు మామూలుగా చెప్పింది.

దాని పక్కన సన్నీ ముక్కులోంచి నీళ్లు చీదుకుంటూ లేచాడు. వాడి జాకెట్టూ అంతే.

అందర్నీ గట్టుకి రమ్మన్నాను. తొమ్మిది జాకెట్లనీ నేనే ఒక్కొక్కటిగా తొడుక్కుని నీళ్లలో కాళ్లు ఎత్తి చూశాను. ఆరు తేలలేదు. ఒకదాని కుట్టు విప్పితే లోపల స్పాంజి అప్పడంలా అణిగిపోయి, వేళ్ల మధ్య పొడి పొడిగా రాలింది.

గట్టు మీద నిలబడి చూస్తున్న సత్యనారాయణ గారి మొహం పాలిపోయింది. "మాస్టారూ, కాయ నలక్కుండా లారీలో ట్రేల కింద పరిచామండీ. మెత్తగా ఉన్నాయి కదా అని. సీజనంతా వాడాం. మీకు ఇవ్వాలని మా ఆవిడ శుభ్రంగా ఉతికింది కూడానండీ" అన్నారు. అందులో మోసమేమీ లేదు. రసాలు విస్సన్నపేట మార్కెట్టుకి దెబ్బ తగలకుండా చేరాలనే ధ్యాస ఆయనది. టన్నుల బరువు కింద నెలల తరబడి నలిగిన స్పాంజి మనిషిని తేల్చదని ఆయనకేం తెలుసు? తెలిసిన మనిషి పోయారు. తెలుసుకోవాల్సిన మనిషిని నేను.

ఆ పూట ఎవరూ పడవ ఎక్కలేదు. చెరువు మధ్యలో, నిలబడటానికి నేల లేని చోట, ఆ జాకెట్టుతో పడవ బోల్తా పడితే ఏమయ్యేదో నేను ఇక్కడ రాయను.

కాసేపటికి పాస్టరు గారు, "మంచి సమయానికి ఊదారండీ మాస్టారూ" అన్నారు.

నేను ఊదలేదన్నాను. నా దగ్గర విజిలే లేదు. ఎవరి దగ్గరా లేదు. అందరి జేబులూ చూపించమన్నాను.

షెడ్డు దగ్గరికి వెళ్లాను. నేను వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే దానియేలు గారి జాకెట్టు మేకుకి వేలాడుతోంది, మీద దుమ్ము కూడా కదల్లేదు. విజిల్ చేతిలోకి తీసుకున్నాను. మట్టితో గూడు కట్టే కందిరీగ ఒకటి దాని నోట్లో గూడు పెట్టింది. నోటి రంధ్రం, పైన గాలి పోయే రంధ్రం రెండూ గట్టి మట్టితో పూడిపోయి ఉన్నాయి. మట్టి ఎండి రాయిలా అయింది.

లెక్కల మాస్టార్ని కాబట్టి నాకు చేతనైనట్టు విచారించాను. భోజనాలయ్యాక, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఏం విన్నారో కాగితం మీద రాయమని అందరికీ ఇచ్చాను. తొమ్మిది మంది పిల్లలు, పాస్టరు గారు, పాస్టరమ్మ గారు, సత్యనారాయణ గారు. పన్నెండు కాగితాల్లోనూ రెండు పొడుగు, ఒకటి పొట్టి అనే ఉంది. ఎక్కడి నుంచి అన్న దగ్గర మాత్రం ఒకరి మాటకీ ఒకరి మాటకీ పొంతన కుదర్లేదు. కొందరు షెడ్డు వైపు నుంచి అన్నారు. కొందరు నీటి మీది నుంచి అన్నారు. ప్రశాంతి "నా వెనక నుంచి" అని రాసింది. దాని వెనక చెరువు తప్ప ఏమీ లేదు.

కాపలావాళ్లకి ఫోన్ చేశాను. ఇద్దరూ వాళ్ల ఊళ్లోనే ఉన్నారు. పక్క తోటల్లో కూడా అడిగాను. అక్టోబరులో కాయ లేని తోటలో విజిల్ ఊదే పని ఎవరికి ఉంటుంది?

ఇంకొకటి ఉంది. పిల్లలు నీళ్లలోకి దిగడం పాస్టరమ్మ గారు ఫోన్‌లో వీడియో తీశారు. అది నా దగ్గర ఉంది. అందులో చిలకల అరుపులు వినపడతాయి, గాలి వినపడుతుంది, "ఒసేయ్ ప్రశాంతీ, మొసలి ఉంది చూసుకో" అని సన్నీ వెక్కిరించడం వినపడుతుంది. విజిల్ వినపడదు. కానీ ఒక క్షణంలో గట్టు మీదివాళ్ల తలలన్నీ ఒక్కసారే తిరుగుతాయి. నా తల కూడా. తరవాత పిల్లలు కాళ్లు ఎత్తుతారు.

దేవదూత పని అన్నారు పాస్టరు గారు. కావచ్చు. దేవుడు ఎవరిచేతనైనా, దేనిచేతనైనా మాట్లాడించగలడని నమ్ముతాను. కానీ దేవదూతకి ముందు పన్ను లేకపోవడం ఏంటని నేను అడగలేదు.

ఇప్పుడు మాకు కొత్త జాకెట్లు ఉన్నాయి, విజిళ్లతో సహా. వాటిని సత్యనారాయణ గారే పట్టుబట్టి కొనిచ్చారు. పనివాళ్లు ముట్టుకోకుండా వేరే పెట్టె చేయించారు. ముందు అందరూ నీళ్లలో కాళ్లు ఎత్తుతారు. గడ్డాలన్నీ పైన ఉన్నాయని నేను చూశాకే పాస్టరు గారు ప్రార్థన మొదలుపెడతారు. ఆ వరస నేను మార్చింది కాదు. ఆయనే మార్చారు.

దానియేలు గారి విజిల్ వాళ్లమ్మాయి నాకే ఇచ్చేసింది. నా బల్ల సొరుగులో ఉంది. మట్టి తీసేసి వాడుకుందాం నాన్నా అని ప్రశాంతి చాలాసార్లు అడిగింది. నాకు చేతులు రాలేదు. మట్టి తీసేస్తే అది ఊదితే మోగే మామూలు విజిల్ అయిపోతుంది. ఆ రోజు అది అలా లేదని చూపించడానికి నా దగ్గర మిగిలింది ఆ మట్టి ఒక్కటే.

ఒకసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నోట్లో పెట్టుకుని, బలమంతా పెట్టి ఊదాను. చెంపలు నొప్పి పుట్టాయి గానీ గాలి కూడా దాటలేదు.