తెగువకు తెలుగు వెతికిన మేడం

మా స్పానిష్ మేడం పోయారు. ఆ కబురు అందేసరికి నేను ఆరాంఘర్ చౌరస్తా దగ్గర, కదలని బస్సులో నిలబడి ఉన్నాను. మేడం కిరాయికుండే ఇంటి ఓనరమ్మ ఫోన్ చేసింది. "మేడం పోయింది బిడ్డా. పొద్దుగాల దవాఖానల పానం పోయింది. నిన్న గూడ ఇంట్ల పొయ్యి బంద్ జేసిన్నా అని నన్ను మూడుసార్లు అడిగింది" అని ఏడ్చింది. నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత రెండు చేతులా కడ్డీ పట్టుకున్నాను. పక్క సీట్లో పెద్దాయన నా మొహం చూసి లేచి చోటిచ్చాడు.

మీలో చాలామందికి ఆమె తెలిసే అవకాశం లేదు. ఆమె పుస్తకం అచ్చు వేయలేదు, సభల్లో మాట్లాడలేదు. సిటీలో ఒక కాలేజీలో పాతికేళ్ళు స్పానిష్ చెప్పి రిటైరయ్యారు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు తెరిచిన ఏడాదే ఇక్కడికి మకాం మార్చారు. స్పానిష్ మాట్లాడేవాళ్ళు దిగుతారని, ఈ చుట్టుపక్కల పిల్లలకి ఆ భాష వస్తే నాలుగు మెతుకులు దొరుకుతాయని ఆమె ఆశ. దిగినవాళ్ళు దిగినట్టే కార్లెక్కి సిటీకి పోయారు. మేడం దగ్గర చదువుకోవడానికి వచ్చింది మొత్తం నలుగురం. ముగ్గురు మానేశారు, నేను మిగిలాను. మాది పక్క ఊళ్ళో వ్యవసాయం చేసే ఇల్లు. "గా భాష ఎవలు మాట్లాడతరు బిడ్డా?" అని మా బాపు అడిగేవాడు.

అంత భయస్తురాలిని నేను ఇంతవరకూ చూడలేదు. తాళం వేసి మూడుసార్లు లాగి చూసేవారు. మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి నాలుగోసారి లాగేవారు. ఫోన్ మోగితే ఎత్తేముందు "ఏం వినాల్సి వస్తుందో" అనేవారు. పాఠం మధ్యలో విమానం పోతే మాట ఆపేసి, ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా కిటికీ దగ్గర నిలబడేవారు. మా ఇళ్ళ మీద నుంచి ఎన్ని విమానాలు పోతాయో ఇక్కడివాళ్ళకి తెలుసు. మా పాఠాలన్నీ అలా ముక్కలు ముక్కలుగా సాగాయి. ఆమె మాత్రం ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు, స్పెయిన్ చూడలేదు. "ఎక్కినవాళ్ళం దిగుతామని ఏమిటి నమ్మకం అమ్మాయ్?" అనేవారు. మాట కృష్ణా జిల్లాది. ఇక్కడ ఇన్నేళ్ళున్నా మా యాస ఆమె నోటికి అంటలేదు.

అలాంటి మనిషి ఏరి కోరి పెట్టుకున్న పని ఏమిటో చెబితే మీరు నమ్మరు. స్పానిష్‌లో ధైర్యానికి, సాహసానికి, తెంపరితనానికి ఉన్న మాటలన్నీ ఏరి, ఒక్కోదానికి తెలుగులో, ఉర్దూలో, హిందీలో సరైన మాట వెతకడం. పాత క్యాలెండర్ల అట్టలు కత్తిరించి, అట్టకో మాట రాసేవారు. అవుదాసియా, అర్రోహో, అత్రెవిమియెంతో, ఒసదీయ, దెస్కారో. "ఇన్నెందుకు మేడం, అన్నీ ధైర్యమే కదా" అన్నాను కొత్తలో. ఆమె నా వైపు జాలిగా చూశారు. "పిల్లవాడి కోసం నూతిలోకి దూకినవాడూ, పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలేసుకున్నవాడూ నీకు ఒకటేనా? ఒకటే అయితే నువ్వు హాయిగా వంట చేసుకో అమ్మాయ్, అనువాదం జోలికి రాకు."

నిఘంటువు చివర్న తెరిచేవారు. ముందు మనుషుల్ని అడిగేవారు. మాట చెప్పి కాదు, సంగతి చెప్పి అడగడం ఆమె పద్ధతి. ఒకసారి కూరగాయల బండి ఆమెతో, "ఊరి పెద్దమనిషి తప్పు మాట్లాడుతుంటే ఒక పిల్ల అందరిలో లేచి తప్పని చెప్పింది. అలాంటిదాన్ని మీరేమంటారు?" అన్నారు. ఆమె వంకాయలు తూస్తూ, "మా ఇంటి పిల్లయితే తెగువ అంట మేడం. మంది పిల్లయితే బరితెగింపు అంట" అంది. మేడం ఆ ముక్క మొత్తం అట్ట మీద ఎక్కించుకున్నారు. సందు చివర టైలర్ భాయ్ అయితే, "హిమ్మత్ దిల్ మే రహతీ మేడం, జుర్రత్ కర్కే దిఖానా పడ్తా" అన్నాడు. గుండెలో ఉండేది హిమ్మత్, చేసి చూపించేది జుర్రత్ అని. ఆ రోజంతా మేడం సంతోషంగా ఉన్నారు. తాళం కూడా రెండుసార్లే లాగారు.

ఇంకో నియమం ఉండేది, అది నాకు చాదస్తంగా తోచేది. ఒక మనిషి గురించి రాసిన కాగితాన్ని అనువాదం చేస్తే, ఆ మనిషి అందుబాటులో ఉంటే, వాళ్ళ ఎదుట కూర్చుని చదివి వినిపించాలి. ఆ తర్వాతే కాగితం చేయి దాటాలి. "మాట పెట్టేది మనం, మోసేది వాళ్ళు" అనేవారు. నేను బయట చిన్నా చితకా అనువాదాలు మొదలుపెట్టాక కాగితం తెచ్చి చూపించినప్పుడల్లా అడిగేవారు, చదివి వినిపించావా అని. వినిపించానని రెండు మూడుసార్లు అబద్ధం చెప్పాను.

అలా వినిపించకపోవడం ఒకసారి నా మెడకే చుట్టుకుంది. ఆ సంగతి చెప్పకుండా మేడం గురించి రాయడం నాకు చేతకాదు.

రెండేళ్ళ కిందటి మాట. షాద్‌నగర్ దారిలో ఒక కంపెనీకి స్పెయిన్ నుంచి సీసాలకి మూతలు బిగించే మిషన్ వచ్చింది. దాన్ని బిగించడానికి వచ్చిన ఇంజనీరుకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అలా ఆ కంపెనీ పని నాకు దొరికింది, అదే నాకు మొదటి సరైన ఆధారం. ఒకరోజు అక్కడ పనిచేసే ఒక పిల్ల చున్నీ కొస మిషన్లో పడి, చెయ్యి కూడా లోపలికి పోతుంటే, పక్కనున్న ఆమె ఎర్ర బటన్ నొక్కి లైన్ మొత్తం ఆపేసింది. అంతటితో ఊరుకోలేదు. పని తొందరగా సాగడానికి ఎవరో తీసి పక్కన పెట్టిన ఇనుప రక్షణ జాలీని తిరిగి బిగించేదాకా, బటన్‌కి అడ్డంగా నిలబడి ఎవర్నీ మిషన్ నడపనివ్వలేదు. ఆ పూట పని ఆగిపోయింది. మాట విననందుకు ఆమె మీద విచారణ పెట్టారు. ఆరేళ్ళ ఉద్యోగం పోయేలా ఉంది.

ఇదంతా కళ్ళారా చూసిన ఇంజనీరు స్పానిష్‌లో నాలుగు పేజీల నివేదిక రాసిచ్చి తన దేశం వెళ్ళిపోయాడు. కూలీల తరఫువాళ్ళకి చదివి వినిపించాలి కాబట్టి అది తెలుగులో కావాలి. కాగితాలు నా చేతికిస్తూ ఆఫీసరు, "తెల్లాయన మస్తు గరం అయిండు గద, గా పిల్ల పొగరు గురించే రాసుంటడు. మంచిగ రాసుకరా" అన్నాడు.

ఇంజనీరు అలా రాయలేదు. ఆ అమ్మాయి చూపిన ఒసదీయకి నేను గౌరవంగా టోపీ తీస్తున్నాను, ఆమె లేకపోతే ఒక చెయ్యి పోయేది అని రాశాడు. ఒసదీయ మెప్పుకీ వాడతారు, తిట్టుకీ వాడతారు. ఇక్కడ ఏదో నాకు శుభ్రంగా అర్థమైంది. కానీ రాయడానికి కూర్చుంటే ఆఫీసరు మొహమే కనపడింది. ఈ పని పోతే మా బాపుకి ఏం చెప్పాలో తోచలేదు. 'ఆమె చూపిన పొగరు నేను గమనించాను' అని రాశాను. టోపీ మాట, చెయ్యి మాట మింగేశాను. పొద్దున్నే ఇచ్చేసి వచ్చాను.

మధ్యాహ్నం మేడం ఇంటికి వెళితే మామూలుగానే అడిగారు, చదివి వినిపించావా అని. ఆ రోజు నా నోట అబద్ధం పెగల్లేదు, లేదన్నాను. "కాగితంలో ఉన్న మనిషి ఇల్లు దూరమా?" అన్నారు. దూరం కాదు, మా పక్క ఊరే. "మరి వెళ్ళిరా" అన్నారు, అంతే. ఇంకేమీ అడగలేదు. ఏమైనా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేదాన్నేమో.

లైన్ ఆపిన ఆమె వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి, కంపెనీలో కనిపించే అక్కనని గుర్తుపట్టి పీట వేసింది. నేను నకలు తీసి చదివాను. ఆమె చేతులు ఆపి విన్నది.

"పొగరా" అంది మెల్లగా. "నాకు పొగరుంటే గా కంపెనీల ఆరేండ్లు నిలవడి పని జేస్తనా అక్కా? గా పిల్ల చెయ్యి పోతదని ఆపిన." చిక్కుడుకాయలు పక్కకి జరిపి అడిగింది. "తెల్లాయన గిట్లనే రాసిండా?"

"లేదు. నేను రాసిన" అన్నాను.

ఆమె కోప్పడలేదు. "నేను నీకేం జేసిన అక్కా?" అంది.

నకలు మడుచుకుని మేడం ఇంటికి వచ్చి అంతా చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "విచారణ ఎప్పుడు?" అన్నారు. రేపు పదకొండింటికన్నాను. నా దగ్గరున్న స్పానిష్ నివేదిక నకలు, తెల్ల కాగితం నా ముందు పెట్టి మళ్ళీ రాయమన్నారు. ఒసదీయ దగ్గర 'తెగువ' అని రాసి ఆమె వైపు చూశాను. ఆమె అట్ట మీద ఆ మాటకి తెలుగు గడి ఎప్పుడూ ఖాళీయే, రాసి చెరిపి, రాసి చెరిపి అట్ట పలచబడింది. "ఇంతకంటే మంచిది దొరకచ్చు. రేపటికి ఇది చాలు" అన్నారు. తర్వాత, నేను అడక్కుండానే, "నేనూ వస్తాను" అన్నారు.

నాకు ధైర్యం రాలేదు సరికదా, భయం రెట్టింపయింది. నా భయానికి తోడు ఆమె భయం కూడా మోయాలి కదా. మర్నాడు బస్సులో షాద్‌నగర్ దాకా ఆమె కళ్ళు తెరవలేదు. లారీ హారన్ కొట్టినప్పుడల్లా నా మణికట్టు పట్టుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్ పేరు రాయమంటే, "రాయకపోతే ఏమవుతుంది?" అని నన్ను గుసగుసగా అడిగారు. ఇక్కడి నుంచే వెనక్కి పోదామంటే బాగుండు అని నేను లోపల మొక్కుకుంటున్నాను. ఆమె పేరు రాసి లోపలికి నడిచారు.

గదిలో ఆఫీసరు, ఇంకో ఇద్దరు కంపెనీవాళ్ళు, కూలీల తరఫున ఇద్దరు, గోడ పక్కన లైన్ ఆపిన ఆమె. నేను లేచి, నిన్న ఇచ్చింది తప్పని, భయపడి తప్పు రాశానని చెప్పి కొత్త కాగితం ఇచ్చాను. ఆఫీసరు రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు.

"నిన్న అది రైట్ అన్నవ్, ఇయ్యాల ఇది రైట్ అంటున్నవ్. రేపొచ్చి ఇంకోటి రైట్ అంటే? నిన్నెట్ల నమ్మాలె?"

న్యాయమైన ప్రశ్నే. నేను గోడ పక్కకి చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు, నేల చూస్తోంది. అప్పుడు వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఈ అమ్మాయికి ఆ భాష నేర్పింది నేను" అన్నారు మేడం. "అసలు కాగితమూ ఇదీ మాట మాటా పోల్చి చూశాను. ఇదే సరైనది. సంతకం పెడతాను."

కాగితం ఆమె ముందుకి జరిపారు. పెన్ను పట్టుకున్న చెయ్యి ఎంత వణికిందంటే ఎడమ చేత్తో మణికట్టు అదుముకోవాల్సి వచ్చింది. పెట్టిన సంతకాన్ని ఆఫీసరు ఆమె పాన్ కార్డు మీది సంతకంతో పోల్చాడు.

"ఇది కలుస్తలేదు మేడం."

రెండోసారి పెట్టారు. అది మొదటిదాని కంటే అన్యాయంగా వచ్చింది. ఆఫీసరు కార్డు కింద పెట్టి, ఈసారి కొంచెం మెత్తగానే అడిగాడు. "గింతగనం వణుకుతున్నరు. ఎవరన్న బెదిరించి తోల్కొచ్చిన్రా?"

"ఎవరూ బెదిరించలేదు. నాకు భయం, పుట్టినప్పటి నుంచీ ఉంది" అన్నారు మేడం. "నా భయం వేరు, నేను చదివింది వేరు. ఇలా ఇవ్వండి, మళ్ళీ పెడతాను."

మూడో సంతకం పెట్టాక ఆఫీసరు ఇక కార్డుతో పోల్చకుండా కాగితం ముందుకి జరిపాడు. కూలీల తరఫు ఆయన దాన్ని గట్టిగా చదివాడు, టోపీ మాటతో సహా. గోడ పక్కన ఆమె తల ఎత్తి, నన్ను కాదు, మేడంని చూసింది. ఆ వారమే ఆమెని తిరిగి పనిలోకి తీసుకున్నారు. ఆ కంపెనీ నుంచి నాకు మళ్ళీ పిలుపు రాలేదు.

మేడం పోయాక ఓనరమ్మ అట్టలన్నీ మూటగట్టి నాకిచ్చింది. వాటి మధ్యలో విచారణలో ఇచ్చిన ఆ కాగితం చివరి పేజీ జిరాక్స్ దొరికింది. పైన నా చేతిరాత. అడుగున ఒకదాని కింద ఒకటి మూడు సంతకాలు. మొదటిది గీత దాటి పక్కకి పోయింది. రెండోది సగం పేరు దగ్గర ఆగిపోయింది. మూడోది మూడింటిలోకీ వంకర, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, పెన్ను ఒత్తుడికి ఒకచోట సిరా ముద్దగట్టింది. చివరి అక్షరం దాకా ఉంది.