నా చీర కట్టి పాలు పితికిన మనిషి

“ఏమే, నీ చీర ఇట్టియ్యి. గేదె పాలు చేపేట్టు లేదు.”

“ఉతికింది వద్దయ్యా, మాసింది కట్టుకో. నా వాసన తగిలితేనే చేపుద్ది.”

మా ఆయనకీ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇయ్యే. నే చెప్పింది చెప్పినట్టు రాయి అమ్మాయ్. మేనత్తనని దయతలిచి మాట తిప్పమాకు.

అప్పటికి నాకు తుంటి నొప్పి వచ్చి రెండు నెలలు. నడుం కాడ మొదలై, తొడ ఎనక నించి మడమ దాకా నిప్పు పెట్టి లాగినట్టుండేది. పత్తి చేలో వంగి వంగి తెచ్చుకున్న జబ్బు. కారంపూడి నించి కట్టు కట్టే ముసలాయన వచ్చి, “తగ్గుద్దిలే, గొంతుక్కూర్చోమాకు, వంగమాకు” అన్నాడు. గొంతుక్కూర్చోకుండా ఆడదానికి ఏం పని జరుగుద్ది? మా ఆయన నాపరాళ్లు పేర్చి పొయ్యి నడుమెత్తున పెట్టాడు. నించుని జొన్న సంగటి కెలికేదాన్ని.

పాలు పితికే పని మాత్రం ఆయన మీద పడింది. గేదెకి నా చెయ్యి అలవాటు. మగమనిషి పోతే పాలు బిగబట్టేది. అందుకని పంచె మీద నా చీర చుట్టి, నెత్తిన కొంగేసుకుని పొయ్యేవాడు. పక్కింటి వదిన గోడ మీంచి, “ఏమమ్మా కొత్త కోడలా, మీసాలు గొరిగించుకు రాకపోయావా?” అనేది.

“గేదెకి లేని సిగ్గు నీకెందుకు వదినా!” అనేవాడు మా ఆయన.

యుద్ధం రోజులు, గుడ్డకి కంట్రోలు. నాకున్నయ్యి రెండే చీరలు.

ఆ పొద్దున కొట్టంలో చెంబు దొర్లింది. పిలిచా. పలకలా. గేదె తన్నుంటదిలే అనుకున్నా. నేను లెయ్యాలంటే ముందు పక్కకి తిరగాల, మోచెయ్యి ఆనించాల, మోకాళ్ల మీదకి రావాల, అప్పుడు గుంజ పట్టుకోవాల. తొందరపడితే నొప్పి మళ్లీ మొదటికొస్తదని ఆయనే అట్టా నేర్పాడు. ఆయన నేర్పినట్టే, నిదానంగా లేచా. పోయి చూద్దును గదా, గేదె కాళ్ల కాడ ఒరిగిపోయున్నాడు, నా చీరలో. ఒళ్లింకా వెచ్చగానే ఉంది. గుండె ఆగిందన్నారు.

“నువ్వు పరిగెత్తినా దక్కేవాడు కాదులే” అన్నారందరూ. వాళ్లేమన్నా చూశారా?

మర్నాడు గేదె ఒకటే అరుపు. ఆయన ఒంటి మీంచి తీసిన చీరే చుట్టుకుని పోయా. గొంతుక్కూర్చునే పితికా. కాలు లాగింది. లాగనిచ్చా.

రాశావా? చెంబు దొర్లిన కాణ్ణించి చదువు తల్లీ. నిదానంగా చదువు. నేను లేవడానికి ఎంతసేపు పట్టిందో ఇంకొకరి నోట వినాల.