లొరెట్టా చంకలో హెల్మెట్

“...ఆ రూలే ఉండదంటున్నాను కదరా! వేసవికల్లా అందరికీ ఆడటానికి ఐదేళ్లు ఇచ్చేస్తారు, ఇక ఈ లెక్కలే ఉండవు!”

“ఇంకా ఇవ్వలేదు కదా, కోచ్.”

అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం అంచున కాలేజీ జట్టు కోచ్ బ్రాంట్ హోలిస్, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లలో రెండోవాడు తారీక్ బెల్లమీ ముఖాముఖి నిలబడ్డారు. పక్కనే తారీక్ హెల్మెట్‌ను చంకలో పెట్టుకుని, జట్టు గాయాలు చూసే లొరెట్టా కెసింజర్. మొదటి క్వార్టర్‌బ్యాక్ మోకాలు మెలితిరిగి, అప్పుడే డాక్టరు బండిలో వెళ్లిపోయాడు.

కాలేజీలో ఎవరికైనా ఆడటానికి నాలుగేళ్లే; నాలుగు మ్యాచ్‌లు దాటని ఏడాది మాత్రం ఆ లెక్కలోకి రాదు. తారీక్ ఈ సీజన్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడాడు. ఐదో మ్యాచ్‌లో ఒక్కసారి అడుగుపెట్టినా ఏడాది ఖర్చయిపోతుంది. పెట్టకపోతే అది మిగులుతుంది, చలికాలంలో ఇంకో కాలేజీకి పట్టుకుపోవచ్చు. నిరుడు హడావిడిలో ఓ కుర్రాణ్ణి బంతి తన్నడానికని ఒక్కసారి పంపారు. వాడి ఏడాది కాస్తా పోయింది. అందుకే పొద్దున కోచే హెల్మెట్ లొరెట్టాకిచ్చి, “నేనడిగినా ఇవ్వకు” అన్నాడు.

లొరెట్టా తండ్రి ఈ జట్టుకే నీళ్లు మోసేవాడు. ఆమె ఇక్కడే చీలమండలకు పట్టీలు చుడుతూ జుట్టు నెరిపించుకుంది. హోలిస్ కాళ్లకూ ఒకప్పుడు ఆమే చుట్టింది. అప్పట్లో కుర్రాళ్లు చదువయ్యేదాకా ఉండేవాళ్లు, పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు. ఇప్పుడు ఎవరి కాలు ఎటు మడతపడుతుందో తెలిసేలోపే వేరే జట్టు బట్టల్లో టీవీలో కనిపిస్తున్నారు. తారీక్ కూడా వెళ్లిపోతాడు. అది ఆమెకు మింగుడుపడదు.

“హెల్మెట్ ఇటివ్వు, లొరెట్టా.”

“పొద్దున ఏమన్నావు, బ్రాంట్?”

“పొద్దున మనం ఓడిపోతూ లేం! ఇది పోతే సోమవారం నా కుర్చీలో ఇంకోడుంటాడు.”

గ్యాలరీ పైనుంచి ఎవరో అరిచారు: “ఏరా బెల్లమీ, సూట్‌కేసు సర్దుకున్నావా?” వెనక వరసలు ఘొల్లుమన్నాయి.

కోచ్ గొంతు తగ్గించాడు. “వాడి భుజం ఏమైనా బాలేదా? ఆ మాట నువ్వు చెప్పు, నోరు మూసుకుంటా.”

ఆమె బాలేదంటే కోచైనా ఎదురు చెప్పడానికి లేదు. తారీక్ ఆమె వైపే చూస్తున్నాడు. ఒక్క అబద్ధం చాలు. వాడి ఏడాది దక్కుతుంది, ఊరు తిట్టదు. కానీ రేపు నిజంగా దెబ్బ తగిలినవాణ్ణి ఆపినప్పుడు ఆమె మాట ఎవరు నమ్ముతారు?

“భుజం బాగానే ఉంది,” అంది లొరెట్టా.

కోచ్ చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని దాటి, హెల్మెట్ తీసుకెళ్లి తారీక్ చేతుల్లో పెట్టింది.

“ఇది నీది, నాన్నా. ఏం చెప్పినా నీ నోటితోనే చెప్పు.”

రిఫరీ ఈల వేశాడు. మైదానంలో జట్టంతా ఇటే తిరిగి చూస్తోంది. తారీక్ హెల్మెట్‌ను బెంచీ మీద పెట్టాడు.

“నేను ఆడటం లేదు, కోచ్.”