తాండూరు మీదుగా తెరుచుకునే పేజీ

నేను వికారాబాదులో ఉంటాను. తాండూరులో ఒక పప్పు మిల్లు ఆఫీసులో బిల్లులు చూస్తాను. ఏళ్ల తరబడి రైల్లో పోయి వచ్చాను. ధారూరు రాకముందే కన్ను మూతపడేది, తాండూరులో ఎవరో ఒకరు లేపేవారు. మా ఆయనకు పక్షవాతం వచ్చాక మాత్రం ఆ ప్రయాణం భారమైంది. ఆయన కుడి చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది. పగలు పక్కింటావిడ చూసుకునేది. పాపం మంచిదే, కానీ ఆమె పెడితే ఆయన తినడు, మొహం తిప్పేస్తాడు. సాయంత్రం వచ్చేసరికి గిన్నెలో అన్నం ఎండిపోయి ఉండేది. మనిషి నా కళ్లముందే సగమైపోయాడు.

ఇంటి నుంచి పని చేస్తానని సేటును అడిగాను. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు, కాదనలేదు. చిక్కల్లా పప్పు కొనే కంపెనీ వెబ్‌సైటుతోనే. అది మిల్లు ఆఫీసు నెట్ నుంచి తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. సేటు వాళ్లనే అడిగాడు. ఆఫీసు కంప్యూటర్ మీదుగా వస్తే తమకేం అభ్యంతరం లేదన్నారు. ఆ మాట పట్టుకుని నేను ఆదివారాలన్నీ వీడియోల ముందు కూర్చున్నాను.

చెప్పుకుంటే పని ఇంతే. ఆఫీసు కంప్యూటర్‌లో ప్రాక్సీ సర్వర్, ఇంట్లో ల్యాప్‌టాప్‌లో దాని క్లయింట్. బ్రౌజర్ ఏది అడిగినా క్లయింట్ తాండూరుకు పంపుతుంది, సర్వర్ అక్కడి నుంచి తెచ్చిస్తుంది. వెబ్‌సైటు దృష్టిలో నేను ఆఫీసు కుర్చీలో ఉన్నట్టే. వినడానికి సులువే, చేసేసరికి ప్రాణం తోడేసింది. రెండు చోట్లా పోర్ట్ నంబరు, పాస్‌వర్డ్ సరిగానే కొట్టి, బ్రౌజర్ సెట్టింగుల్లో ప్రాక్సీ పెట్టడం మరిచిపోయి, పూటంతా సర్వర్‌ను తిట్టుకున్నాను. తీరా కంపెనీ పేజీ తెరుచుకున్నాక సంతోషించే ఓపిక కూడా లేదు. టీ పెట్టుకుని తాగాను.

ఇంట్లో మొదటి రోజు పొద్దున్నుంచీ బిల్లు మీద బిల్లు, ఫోను మీద ఫోను. ఇంట్లోనే ఉంది కదా అనుకున్నాడేమో, సేటు పంపుతూనే ఉన్నాడు. మధ్యాహ్నమైంది. ఆయన మంచం మీద నుంచి నా వైపే చూస్తున్నాడు. ఇదొక్కటి అయిపోనీ, ఇదొక్కటి అని నేను అంటూనే ఉన్నాను. ఉన్నట్టుండి పేజీ ఆగిపోయింది. క్లయింట్ మళ్లీ పెట్టి చూశాను, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాను. సర్వర్ పలకలేదు. ఒళ్లు మండి సేటుకు ఫోన్ చేశాను.

"మెయిన్ బంద్ చేసి బువ్వకొచ్చినం అక్కా," అన్నాడు.

తల కొట్టుకున్నాను. ఆఫీసు పక్కనే గోనె సంచుల గోదాము. సేటు వాళ్ల నాయన కాలంలో వైరు కాలి సంచులు అంటుకున్నాయట. అప్పటి నుంచి షట్టర్ దించితే కరెంటు మెయిన్ కూడా దించాల్సిందే, బువ్వకు పోయినా సరే. నేను మాత్రం అన్నేళ్లు ఏం చూశాను? అదే వేళకు అన్నం డబ్బా పట్టుకుని వాళ్ల వెనకే బయటికొచ్చేదాన్ని. సర్వర్ ఆగకూడదని వీడియోలో అంతగా చెప్పినా ఈ సంగతి తట్టలేదు.

చేసేదేం లేక అన్నం కలుపుకొని ఆయన పక్కన కూర్చున్నాను. పప్పు, నెయ్యి. ఫోను మోగలేదు, సేటు కూడా తింటున్నాడు కదా. ఒక ముద్ద మింగేదాకా ఆగి ఇంకో ముద్ద పెట్టాను. మధ్యలో ఆయన ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు. మళ్లీ అనమన్నాను. ఇంకొంచెం నెయ్యి కావాలట. మెల్లగా గిన్నె ఖాళీ అయింది. ఆయన కడుపునిండా తిని ఎన్నాళ్లయిందో. నాకు ఏడుపొచ్చింది, కొంగుతో తుడుచుకున్నాను.

అంతలో సేటు ఫోను. మెయిన్ వేశాడట. పని ఆగిందని నొచ్చుకున్నాడు. రేపటి నుంచి బంద్ చేయరట, రోజుకొకరు ఆఫీసులోనే కూర్చుని తింటారట.

"ఫికర్ చెయ్యకు అక్కా, కంప్యూటర్ నడుస్తనే ఉంటది," అన్నాడు.

మంచివాడు. గంట కిందటైతే ఆ మాటకు దండం పెట్టేదాన్ని. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఆయన మూతి తుడిచాను.

"వద్దు సేటు," అన్నాను. "సంచులున్న జాగ. మీ నాయన పెట్టిన పద్ధతి ఎందుకు తీస్తరు? బువ్వ యాళ్లకు బంద్ చెయ్యుండ్రి."