చింతపండుతో తోమిన వెండి డాలరు

కువైట్‌లోని సాల్మియాలో నేను పనిచేసే ఇంట్లో మామా, అంటే మా యజమానురాలి, తండ్రికి ఎనభై దాటాయి. ఆయన్ని బాబా అంటాను. ఆయన గదిలో సన్నటి అరలున్న చెక్కపెట్టె ఒకటి ఉంది. దాని నిండా పాత అమెరికా నాణేలు. వయసులో ఉండగా షువైఖ్ ఓడరేవులో పనిచేస్తూ నావికుల దగ్గర ఒక్కొక్కటే సంపాదించుకున్నారట.

నేను చేరిన రెండో నెలలో, గది తుడుస్తుంటే బల్లమీద ఒక వెండి డాలరు కనిపించింది. నల్లబడి, అంచుల్లో నీలం తిరిగి ఉంది. చూసి సంతోషిస్తారని, కడపలో మా ఇత్తడి చెంబులు తోమినట్టే చింతపండూ ఉప్పూ వేసి తోమేశాను. తళతళలాడింది.

బాబా దాన్ని చూసి మెల్లగా కుర్చీలో కూలబడ్డారు. తిట్టినా అంత భయపడేదాన్ని కాదు.

అప్పటికి నాకు అరబ్బీ అంతంతమాత్రం. మాట చెప్పించడానికి ఇంటి డ్రైవరును పిలిచారు. ఆయనది రాయచోటి.

"ఎంత పని జేస్తివక్కా! ఆ నలుపు మురికి కాదంట. నూరేండ్లకు పైన దానంతట అది పట్టిన రంగంట."

"నాకేం తెలుసు భాయ్? ఇంగ ఖలాసేనా? ఊరికి పంపిస్తారా?"

డ్రైవరు ఆ మాట చెప్పగానే బాబా తల అడ్డంగా ఊపారు. నన్ను పక్కన కూర్చోబెట్టి, చేతికి భూతద్దమిచ్చి, తోమని డాలరు ఒకటి తీశారు. అంచులు పట్టుకుని దీపం కింద అటూ ఇటూ వంచితే, దానిమీద వెలుగు గిర్రున తిరిగింది. రెండు ఉక్కు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి గట్టిగా ఒత్తుతారట. ఆ ఒత్తిడికి వెండి నడుమ నుంచి అంచులకు పారుతుందట. ఆ జాడలే అలా వెలుగుతాయి. నేను తోమి చెరిపేసింది వాటినే. డ్రైవరు ఈ మాట తెలుగులో చెబుతుంటే ఏడుపు ఆగలేదు.

బాబాకు చూపు మందగించింది. అందుకని మరునాటి నుంచి, మధ్యాహ్నం పని అయ్యాక నన్ను పిలిచేవారు. డాలరు వెనకవైపు డేగ బొమ్మ కింద నలుసంత అక్షరం ఉంటుంది. దాన్నిబట్టి నాణెం ఏ ఊళ్లో కొట్టారో తెలుస్తుంది. అది చదివి చెప్పడం నా పని.

కొన్ని నెలలకు, గీత పడిందని ఆయన పక్కన పారేసిన డాలరు ఒకటి నా చేతికొచ్చింది. చాలాసేపు వంచి చూశాను. వచ్చిన అరబ్బీకి చేతి సైగలు కలిపి చెప్పాను.

"ఇది గీత కాదు బాబా. గీతయితే లోపలికి ఉండాల గదా? ఇది చేని గట్టు మాదిరి పైకి లేసింది."

బాబా గోటి అంచుతో తడమబోయి, ఆగి, నా కళ్లలోకి చూశారు. అచ్చే పగిలి ఉంటుందన్నారు. ఆ పగుల్లోకి వెండి దూరి అలా లేచిందట. ఇన్నేళ్లూ గమనించలేదని తనమీద తానే పగలబడి నవ్వారు. దాని అరలో పెట్టే వివరాల చీటీ నన్నే రాయమన్నారు.

"నాకు మీ రాత రాదు బాబా."

"నీ భాషలో రాయి."

'అచ్చు పగులు' అని తెలుగులో రాశాను.

ఆ శుక్రవారం నన్నూ సంతకు తీసుకెళ్లారు. పాత సామాన్ల మధ్య ఎవరూ తోమని గోధుమరంగు అమెరికా సెంటు నాణెం ఒకటి ఏరి చూపించాను. బాబా డబ్బిచ్చి దాన్ని నా గుప్పిట్లోనే పెట్టి మూశారు.

"ఇది నీది. యల్లా, పద, ఇంకోటి వెతుకు," అన్నారు.